చూసింది వేరు, అనుకున్నది వేరు

నాగదంతి మొక్కను మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా సరే. చెరువు శిఖం భూముల్లో, పంటకాలువ గట్ల మీద, ఊళ్లో ఖాళీ జాగాల్లో కాస్త తడి ఉంటే చాలు, మొలిచేస్తుంది. ఆకు వెడల్పుగా, ముడతలు పడి, నూగుతో ఉంటుంది. కొమ్మ చివర నుంచి పూలకాడ బయల్దేరి, పొడుగ్గా సాగి, కొసన చుట్ట చుట్టుకుంటుంది. కాడకు ఒక పక్కనే, రెండు వరసల్లో, అర సెంటీమీటరు కూడా ఉండని తెల్లని, లేత ఊదా పూలు. కింది పువ్వు ముందు విచ్చుకుంటుంది. పూలు విచ్చుకుంటున్న కొద్దీ చుట్ట విప్పుకుంటూ పోతుంది. కొసన మొగ్గలు ఉన్నంతకాలం మాత్రం ఆ వంపు పోదు.

ఆ వంపు అచ్చం తేలు కొండిలా ఉంటుంది. అందుకే దీన్ని తేలుమణి అని కూడా అంటారు. తేలు కుడితే దీని ఆకు పసరు పూయమనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక యూరప్‌కు వెళదాం. అక్కడ సున్నపు నేలల్లో, రైలు పట్టాల పక్కన, సముద్రపు ఇసుక దిబ్బల మీద వైపర్స్ బ్యూగ్లాస్ అనే నీలిపూల మొక్క పెరుగుతుంది. శాస్త్రీయ నామం ఎకియం వల్గేర్. కాడ నిండా ముళ్లలాంటి నూగు, ఆ నూగు మొదళ్లలో ఎర్రటి మచ్చలు. గింజను తిప్పి చూస్తే రక్తపింజరి జాతి పాము తలలా కోణాలు తేలి ఉంటుంది. ఒకటో శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ తన మూలికల గ్రంథంలో ఎకియాన్ని పాముకాటుకు మందుగా రాశాడు. పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా అక్కడి మూలికావైద్యులు అదే మాట చెబుతూ వచ్చారు.

నాగదంతి, బ్యూగ్లాస్ ఒకే కుటుంబం మొక్కలు. వృక్షశాస్త్రంలో ఆ కుటుంబం పేరు బొరాజినేసి. వేల మైళ్ల దూరంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియని జనం, ఒకే కుటుంబపు మొక్కల్ని చూసి ఒకే రకంగా ఆలోచించారు: దానిలా ఉంది, కాబట్టి దానికి మందు. వాళ్ల చూపును తప్పుపట్టే పని లేదు. అంత చిన్న గింజలో పాము తలను పట్టుకోవాలంటే ఎంత నిశితంగా చూసి ఉండాలి! చిక్కంతా ఆ తర్వాతి అంగలో ఉంది. చూసిన దాని నుంచి అనుకున్న దానిలోకి ఎప్పుడు దాటారో వాళ్లకే తెలియలేదు.

మనకూ తెలియదు. మేనేజరు పలకరించకుండా వెళ్లిపోయారు, ఇది చూసింది. నా మీద కోపంగా ఉన్నారు, ఇది అనుకున్నది. సాయంత్రానికి మన మనసులో మొదటిది చెరిగిపోయి రెండోదే మిగులుతుంది. ఇంటికొచ్చి "మా మేనేజరుకు నా మీద కోపం" అని చెబుతామే గానీ, "ఇవాళ నన్ను పలకరించలేదు" అని చెప్పం.

ఈ రెంటినీ విడదీసి పెట్టుకోవడం ఒక నైపుణ్యం. దాన్ని నేరుగా మనుషుల మీద సాధన చేయడం కష్టం. అక్కడ మన అహం, భయం, పాత లెక్కలు అడ్డొస్తాయి. మొక్కతో మనకు పాత లెక్కలేం ఉండవు. అందుకే ఈ అధ్యాయంలో బొరాజినేసి కుటుంబాన్ని సాధనకు తీసుకుంటున్నాం.

ముందు చూడటం నేర్చుకుందాం

ఈ కుటుంబాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. దీన్ని గుర్తుపట్టడానికి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. నాలుగు ఆనవాళ్లు చాలు.

ఒకటి, గరుకు. ఆకును, కాడను వేలితో నిమిరితే గీరుకుంటుంది. చాలా మొక్కల్లో ఒక్కో వెంట్రుక మొదట్లో చిన్న బొడిపె ఉంటుంది. లెన్స్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు, కొండి. పూలకాడ కొసన చుట్ట చుట్టుకుని, పూలు విచ్చుకుంటున్న కొద్దీ విప్పుకుంటుంది.

మూడు, అయిదు. కింద గొట్టంలా కలిసిపోయి పైన అయిదుగా విడిన రేకులు, అయిదు కేసరాలు.

నాలుగు, నాలుగు గింజలు. పువ్వు రాలాక దొన్నెలో చూస్తే చాలా జాతుల్లో నాలుగు గట్టి గింజలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి. నాగదంతిలో కాయ రెండుగా చీలుతుంది, ఒక్కో భాగంలో రెండేసి గింజలు.

ఈ నాలుగూ పట్టుకుని బయల్దేరితే చుట్టాలు వరసగా బయటపడతారు. మెట్ట పొలాల్లో, రాళ్ల నేలల్లో గువ్వగుట్టి కనిపిస్తుంది. దాని లేత నీలం పువ్వు సిగ్గుపడ్డట్టు నేలకేసి వంగి ఉంటుంది. పైనుంచి చూసి వెళ్లిపోతే పువ్వు ఉన్నట్టే తెలియదు. మోకాలి మీద కూర్చుని కింద నుంచి చూస్తే కేసరాలన్నీ కలిసి మొనదేలిన శంకువులా ఉంటాయి. యూరప్‌లో తోటల్లో పెంచే బోరేజ్ పువ్వూ ఇదే తీరు, నల్లని శంకువు చుట్టూ అయిదు కోణాల నీలి నక్షత్రం. దాని ఆకు నలిపితే కీరదోస వాసన వస్తుంది.

బంకకాయల విరిగి చెట్టు, కొందరు నక్కెర అనేది, పాత వర్గీకరణలో ఈ కుటుంబానిదే. కాయలోని జిగురుతో కాగితాలు అంటించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. విరిగికి నాలుగు గింజల ఆనవాలు పనికిరాదు, కాయలో గట్టి టెంక ఉంటుంది. ఈ మధ్య కొందరు శాస్త్రజ్ఞులు విరిగిని, నాగదంతిని వేరే కుటుంబాలుగా విడదీశారు కూడా. ఆనవాలు అంటే గీత గీసిన సరిహద్దు కాదు. నాలుగులో మూడు కలిసి, నాలుగోది కలవకపోతే ఆ కలవనిదాన్నే నోటుబుక్‌లో రాసుకోండి. దాని నుంచే ఎక్కువ నేర్చుకుంటారు.

విదేశాల్లో ఉన్నవారికి వైపర్స్ బ్యూగ్లాసే మంచి పాఠం. ఉత్తర అమెరికాకు, న్యూజిలాండ్‌కు ఎప్పుడో వలసపోయి, దారుల పక్కన కలుపుగా స్థిరపడింది. ఒక కాడ ముందు నిలబడి పైనుంచి కిందికి చూడండి. మొగ్గలు గులాబీ రంగులో ఉంటాయి, విచ్చుకున్న పూలు నీలంగా ఉంటాయి. రెండు మొక్కలు కలిసి మొలిచాయేమో అనిపిస్తుంది. అవి ఒకే పువ్వు వయసులో రెండు దశలు. రేకు కణాల్లోని రసంలో ఆమ్లగుణం తగ్గేసరికి అదే రంగుపదార్థం గులాబీ నుంచి నీలానికి మారుతుంది. నీలం గొట్టంలోంచి ఎర్రని కేసరాలు బయటికి పొడుచుకు వస్తాయి. అవి ఎన్నో లెక్కపెట్టండి. నాలుగో అయిదో ఉంటే వైపర్స్ బ్యూగ్లాస్. రెండే బయటికి కనిపిస్తే, దానికి దగ్గరి చుట్టం అయిన ఎకియం ప్లాంటజీనియం. రెండో దాని కథ కాసేపట్లో వస్తుంది.

పోలిక రుజువు కాదు

పదహారో శతాబ్దంలో పారసెల్సస్ అనే స్విస్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఒకటి యూరప్‌ను చాలాకాలం ఏలింది. ప్రతి మొక్క మీదా అది దేనికి మందో తెలిపే గుర్తును దేవుడే వేసి పంపాడని. బొరాజినేసిలోనే పల్మనేరియా అనే మొక్క ఉంది. దాని ఆకు మీద తెల్లమచ్చలు ఊపిరితిత్తుల్లా కనిపించాయి కాబట్టి దగ్గుకు, ఊపిరితిత్తుల జబ్బులకు వాడారు. బ్యూగ్లాస్ గింజ పాము తలలా ఉంది కాబట్టి పాముకాటుకు. మన తేలుమణి వెనకా ఇదే లెక్క.

ఇలాంటి ఆలోచన ఇన్నాళ్లు ఎలా నిలిచింది? తేలుకాటు పడ్డ చాలామంది ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. పసరు పూసినవాడు బతికితే పసరు పేరు నిలబడుతుంది. చనిపోతే విధి అంటారు. బతికినవాళ్ల లెక్కే ఊరికి గుర్తుంటుంది.

ఇంకో దారి కూడా ఉందని మహారాష్ట్రలో ఒక వైద్యుడు చూపించారు. 1970ల్లో రాయగఢ్ జిల్లా బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దగ్గరికి ఎర్ర తేలు కుట్టినవాళ్లు వచ్చేవారు. వాళ్లలో పిల్లలు ఎక్కువగా చనిపోయేవారు. ఆయన రోగి మంచం పక్కనే కూర్చుని రక్తపోటు, నాడి, చెమట, ఊపిరి గంటగంటకూ రాసుకున్నారు. ప్రాణం పోతున్నది గుండె దెబ్బతిని, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్ల అని ఆ రాతల్లో తేలింది. ఆయన పరిశీలనలు 1982లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. విషం శరీరంలో ఏ మీట నొక్కుతోందో తెలిసింది కాబట్టి, దాన్ని అడ్డుకునే ప్రజోసిన్ అనే రక్తపోటు మందును ప్రయోగించారు. మరణాలు బాగా తగ్గాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పసరు చెప్పినవారు మొక్కను చూశారు, డాక్టరుగారు రోగిని చూశారు. చూడాల్సిన చోట చూడటం, చూసింది వెంటనే రాసుకోవడం, రాసుకున్నదాన్ని సరిచూసుకోవడం, మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. మీరు ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నేను సమస్యను చూస్తున్నానా, సమస్యలా కనిపించే ఇంకోదాన్ని చూస్తున్నానా?

అన్నట్టు, తేలు కుట్టినా పాము కరిచినా ఈ అధ్యాయంలోని ఏ మొక్కా మందు కాదు. ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక పసుపు వలయం

చిన్న ప్రశ్నను వదలకపోతే ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పే కథ కూడా ఈ కుటుంబంలోనే ఉంది.

ఫర్‌గెట్-మీ-నాట్ పేరు వినే ఉంటారు. శాస్త్రీయంగా మయొసోటిస్. వేలిగోరంత కూడా ఉండని లేత నీలం పువ్వు, నడుమ పసుపు వలయం. యూరప్‌లో ప్రేమికులు, కవులు ఈ పువ్వు మీద బోలెడు చెప్పుకున్నారు. 1788 వేసవిలో బెర్లిన్ దగ్గర స్పాండౌ పట్టణంలో ఒక బడి పెద్ద, క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్, దాన్ని ఇంకోలా చూశాడు. నీలి పువ్వులో ఆ పసుపు వలయం ఎందుకు? అదీ సరిగ్గా గొట్టం నోటి చుట్టే ఎందుకు?

లోపల తేనె ఉంది. నోరు చాలా సన్నం. పురుగుకు దారి తెలియాలి. రంగు వేరుగా ఉన్న ఆ వలయం దారి చూపే గుర్తు కావచ్చని ఆయనకు తోచింది. అక్కడితో ఆగిపోతే అది కూడా పల్మనేరియా మచ్చల్లాంటి ఊహే అయ్యేది. ఆయన ఆగలేదు. ఆ గుర్తు నిజంగా దారి చూపేదే అయితే తేనె ఉన్న మిగతా పూలలోనూ ఇలాంటివి ఉండాలి కదా అని వందల జాతుల పూలను చూస్తూ పోయాడు. పువ్వుల నిర్మాణానికీ పురుగులకూ ఉన్న సంబంధాన్ని వివరిస్తూ 1793లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు.

పుస్తకాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మొక్కల పిచ్చిలో పడి బడిని నిర్లక్ష్యం చేస్తున్నాడని పై అధికారులతో పేచీలు వచ్చి ఉద్యోగం కూడా వదులుకోవాల్సి వచ్చింది. 1816లో చనిపోయాడు. 1841లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చదవమంటే ఛార్లెస్ డార్విన్ ఆ పుస్తకం తెప్పించుకున్నాడు. పూల పరాగసంపర్కం మీద డార్విన్ చేసిన పనిలో స్ప్రెంగెల్ పేరు గౌరవంగా కనిపిస్తుంది.

ఊహించడం తప్పు అని ఈ అధ్యాయం చెప్పడం లేదు. ఊహ లేకపోతే స్ప్రెంగెల్ కూడా లేడు. "నేను అనుకున్నది నిజమైతే ఇంకెక్కడ ఏం కనిపించాలి?" అని అడిగి, వెళ్లి చూసినవాడి ఊహ పనికొచ్చే ఊహ. మేనేజరుకు నిజంగానే కోపం వచ్చి ఉంటే ఇంకెక్కడ ఏం కనిపించాలి? మీ మెయిళ్లకు జవాబులు తగ్గాలి, మీటింగుల్లో తేడా కనిపించాలి. అవేవీ లేకపోతే, ఆ రోజు ఆయనకు పంటినొప్పి అయి ఉండొచ్చు.

ఒకే పువ్వు, రెండు తీర్పులు

ఆస్ట్రేలియాలో వసంతం వస్తే, అంటే మన సెప్టెంబరు నుంచి, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో కొండలకు కొండలే ఊదారంగుకు మారిపోతాయి. మెల్‌బోర్న్, అడిలైడ్‌లలో ఉన్న మనవాళ్లు కారు ఆపి ఫొటోలు దిగే పూలచేలు అవే. అదే మనం లెక్కపెట్టిన రెండు కేసరాల మొక్క, ఎకియం ప్లాంటజీనియం. మధ్యధరా ప్రాంతం నుంచి తోట మొక్కగా వచ్చింది. 1843 నాటికే సిడ్నీ దగ్గరి కాండెన్ తోట జాబితాలో ఉంది. తోట దాటి పచ్చికబయళ్లలో పడ్డాక ఆపడం ఎవరితరమూ కాలేదు.

న్యూ సౌత్ వేల్స్‌లో దీన్ని పాటర్సన్స్ కర్స్ అంటారు, పాటర్సన్ల శాపం అన్నమాట. ఆ కుటుంబం తోటలోంచే ఇది చుట్టుపక్కలకు పాకిందని ప్రతీతి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇదే మొక్క పేరు సాల్వేషన్ జేన్. అక్కడ ఎండకాలంలో పచ్చగడ్డి లేనప్పుడు గొర్రెలకు ఇదే మేత, తేనెటీగలకు ఇదే తేనె.

1970ల చివర్లో దీన్ని తినే పురుగుల్ని విదేశాల నుంచి తెచ్చి వదలాలని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ సిద్ధమైంది. తేనెటీగల పెంపకందార్లు, కొందరు పశుపోషకులు 1980లో కోర్టుకు వెళ్లి ఆపించారు. ఎవరి నష్టం ఎంత, ఎవరి లాభం ఎంత అని లెక్కలు తేలాల్సి వచ్చింది. ఇలాంటి తగువులను తీర్చడానికి 1984లో బయలాజికల్ కంట్రోల్ చట్టమే చేశారు. 1988 నుంచి పురుగులు వదలడం మొదలైంది.

మొక్క విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు. కాలేయాన్ని పాడుచేసే పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఇందులో ఉన్నాయి. గొర్రెలు కొంతవరకు తట్టుకుంటాయి, గుర్రాలు, పందులు తట్టుకోలేవు. 2003 జనవరిలో కాన్‌బెర్రాను కార్చిచ్చు చుట్టుముట్టి మంచి మేత కాలిపోయినప్పుడు, గుర్రాలు దీన్నే మేశాయి. ఆ తర్వాత నలభైకి పైగా గుర్రాలను కాలేయం చెడి, బతకవని తేల్చి చంపాల్సి వచ్చింది. తేనె కూడా నిజమే, గుర్రాల చావు కూడా నిజమే. శాపమో వరమో అన్నది, చెప్పేవాడి దొడ్లో గుర్రం ఉందా తేనెపెట్టె ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంట్లో, ఆఫీసులో తగువు పడ్డప్పుడు ఈ కథ పనికొస్తుంది. అత్తగారూ కోడలూ వాదించుకుంటుంటే ముందు అడగాల్సింది, "జరిగింది ఏమిటన్న దాంట్లో తేడా ఉందా? జరిగినదాని మంచిచెడ్డల్లో తేడా ఉందా?" అని. చాలా తగువుల్లో జరిగినదాని మీద ఇద్దరిదీ ఒకే మాట. పేచీ అంతా ఎవరికి నష్టం అన్న దగ్గర ఉంటుంది. అక్కడ సాక్షుల్ని పిలిచి లాభం లేదు, లెక్కలు మాట్లాడుకోవాలి.

పేరును, "సహజం" అన్న మాటను నమ్మొద్దు

చార్మినార్ దగ్గర యునానీ దుకాణాల్లో ఖమీరా గావ్‌జబాన్ అని లేహ్యం దొరుకుతుంది. గుండెకు, మెదడుకు బలమని వాడతారు. అందులోని గావ్‌జబాన్ బొరాజినేసి మొక్కే. అయితే ఏ మొక్క? మన దేశపు వ్యాపారంలో ఆ పేరుతో ఎక్కువగా వచ్చేది హిమాలయాల ఒనోస్మా. ఇరాన్‌లో ఆ పేరుకు వాడేది ఎకియం అమీనం అనే నీలిపూల బ్యూగ్లాస్. కొన్ని పుస్తకాల్లో బోరేజ్ అని రాసి ఉంటుంది. ఒక పేరు, మూడు మొక్కలు. ఒకదాని గురించి చదివి ఇంకోటి మింగే అవకాశం ఎంత ఉందో చూడండి.

ఇదే కుటుంబంలోని కాంఫ్రీ ఆకును యూరప్, అమెరికాల్లో తరతరాలుగా టీ కాచుకుని తాగారు. అందులోనూ పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయని, కాలేయపు సన్నని రక్తనాళాలు మూసుకుపోతున్నాయని తేలాక, 2001లో అమెరికా ఎఫ్‌డీఏ నోటి ద్వారా తీసుకునే కాంఫ్రీ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమని కంపెనీలను కోరింది. పైగా పూత రాకముందు కాంఫ్రీ ఆకుకూ, గుండెను ఆపగల ఫాక్స్‌గ్లవ్ ఆకుకూ తేడా తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

అన్నిటికన్నా పెద్ద ఘోరం 1970ల మధ్యలో వాయవ్య ఆఫ్ఘనిస్తాన్‌లో జరిగింది. రెండేళ్ల కరువు తర్వాత, గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన హీలియోట్రోపియం గింజలు గోధుమల్లో కలిసిపోయాయి. హీలియోట్రోపియం అంటే మన నాగదంతి ప్రజాతే. ఆ పిండితో రొట్టెలు తిన్న గ్రామాల్లో జనం పొట్టల్లో నీరు చేరి చిక్కిపోయారు. 7,200 మందిని పరీక్షిస్తే 22.6 శాతం మందిలో కాలేయ జబ్బు లక్షణాలు కనిపించాయి.

మన నాగదంతిలోనూ అదే జాతి రసాయనాలు ఉన్నాయి. దానిలోని ఇండిసిన్ అనే పదార్థపు ఒక రూపాన్ని క్యాన్సర్ మందుగా 1980ల్లో రోగుల మీద పరీక్షించారు. కొందరిలో పనిచేసింది గానీ కాలేయాన్ని దెబ్బతీసింది, ముందుకు సాగలేదు. ఎండిన నాగదంతి కొమ్మల మీద మగ సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి ఉండటం మీకు ఎప్పుడైనా కనిపించవచ్చు. బ్లూ టైగర్ వాటిలో ఒకటి. దాని శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియేస్. ఆ విషాన్నే అవి ఏరి కోరి పీల్చుకుంటాయి. దానితో ఆడ సీతాకోకను ఆకర్షించే పరిమళం తయారుచేసుకుంటాయి, పక్షులకు రుచించకుండా ఒళ్లు కాపాడుకుంటాయి. మనిషి కాలేయానికి చేటు చేసేది సీతాకోకకు పెళ్లికానుక. "సహజం కాబట్టి మంచిది" అనేవారిని ఎవరికి మంచిది అని అడగాలి.

సాధన: మూడు గళ్ల నోటుబుక్

ఒక చిన్న నోటుబుక్, పెన్సిలు, పది రెట్లు పెద్దదిగా చూపే లెన్స్. ఇంతే సరంజామా. పేజీని మూడు గళ్లు చేయండి: చూసింది, అనుకున్నది, తేల్చుకునే దారి. నాగదంతి ముందు కూర్చున్నవారి పేజీ ఇలా ఉండొచ్చు.

చూసింది: పూలన్నీ కాడకు ఒక పక్కే ఉన్నాయి. కింద కాయలు, మధ్యలో పూలు, కొసన మొగ్గలు. చుట్ట మొగ్గల దగ్గరే ఉంది.
అనుకున్నది: లేత మొగ్గల్ని కాపాడటానికే చుట్ట చుట్టుకుంటోంది.
తేల్చుకునే దారి: ఒక కాడకు దారం కట్టి వారం రోజులు రోజూ చూడాలి. మొగ్గలన్నీ పూశాక కూడా వంపు మిగిలితే నా ఊహ తప్పు.

మొదటి వారం మొదటి గడి మాత్రమే నింపండి. "అందంగా ఉంది", "పిచ్చిమొక్క" లాంటి మాటలు అందులో రాకూడదు, అవి తీర్పులు. ఎన్ని, ఎంత, ఏ రంగు, ఎక్కడ అన్నవే రాయాలి. రెండో వారం రెండో గడి తెరవండి. ప్రతి ఊహకూ "బహుశా" చేర్చి రాయండి. మూడో వారం మూడో గడి. తేల్చుకునే దారి దొరకని ఊహను కొట్టేయక్కర్లేదు, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్ వాడితే, అది చెప్పిన పేరును రెండో గడిలోనే రాయాలి. యాప్ కూడా అనుకుంటుందే గానీ దానికీ ఖాయంగా తెలియదు.

పిల్లలతో చేస్తే ఇంకా సులువు.

"తాతయ్యా, ఇదిగో తేలు తోక!"
"తోక ఎక్కడ చూశావు నాన్నా?"
"ఇదిగో, వంకరగా ఉంది."
"అయితే నువ్వు చూసింది వంకర. తోక నువ్వు అనుకున్నది. వంకర మీద ఏమున్నాయో లెక్కపెట్టు."

పిల్లల ఊహను చిన్నబుచ్చవద్దు. దాన్ని రెండో గడిలో రాయించండి చాలు.

నాలుగో వారం నోటుబుక్‌ను మనుషుల వైపు తిప్పండి. రోజుకొక సంఘటన. ఉదాహరణకు, చూసింది: పెళ్లిలో వదిన నాతో రెండు మాటలే మాట్లాడింది. అనుకున్నది: బహుశా పోయినసారి డబ్బు మాట మనసులో పెట్టుకుంది. తేల్చుకునే దారి: మిగతావాళ్లతో ఎంతసేపు మాట్లాడిందో గమనించాలి, లేదా ఫోన్ చేసి "వదినా, ఆ రోజు బాగా అలసిపోయినట్టున్నావు" అని కదపాలి. రాసేటప్పుడే ఒకటి గమనిస్తారు. మొదటి గడి ఒక్క వాక్యంతో అయిపోతుంది, రెండోది పేజీ దాటినా ఆగదు. మన బాధల్లో ఎక్కువ భాగం ఏ గడిలో పుడుతోందో దాంతోనే అర్థమవుతుంది.

ఈ అధ్యాయంలో గుర్తుంచుకోవాల్సినవి

1. చూసిన వెంటనే రాయండి. ఆలస్యమైతే ఊహ చూపు స్థానంలో కూర్చుంటుంది.

2. పోలిక ప్రశ్నకు మొదలు కావచ్చు, జవాబు కాలేదు.

3. ఏదైనా అనుకుంటే, అది నిజమైతే ఇంకెక్కడ ఏం కనిపించాలో అడిగి, వెళ్లి చూడండి.

4. తగువులో ముందు తేల్చాల్సింది: తేడా జరిగినదాని మీదా, దాని మంచిచెడ్డల మీదా?

5. పేరు ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. సహజమైనంత మాత్రాన క్షేమం కాదు.

6. ఈ కుటుంబపు అడవి మొక్కల్ని చూడండి, లెక్కపెట్టండి, బొమ్మ వేయండి. తినొద్దు, కషాయం కాచొద్దు, పశువుల మేతలో కలవనివ్వొద్దు. గరుకు నూగు కొందరి చర్మానికి పడదు, తాకితే చేతులు కడుక్కోండి.

7. రేపు ఉదయం బయటికి వెళ్లినప్పుడు మీకు ఎదురైన మొదటి కలుపు మొక్క దగ్గర అయిదు నిమిషాలు ఆగండి. అది బొరాజినేసి కాకపోయినా ఫరవాలేదు. మొదటి గడిలో పది వాక్యాలు నిండేదాకా రెండో గడి జోలికి వెళ్లకండి.